సిరీస్ మొత్తం ఒకేసారా, వారానికొక ఎపిసోడా? మీ ఇంట్లో ఎలా నడుస్తోంది?

కూకట్‌పల్లి_కోడలు:
మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. రాత్రి పాప పడుకున్నాక ఇద్దరం కలిసి ఒక ఎపిసోడ్ చూడాలి. ఒకళ్లని వదిలేసి ఇంకొకళ్లు ముందుకు పోకూడదు. 2024 డిసెంబర్ 26న స్క్విడ్ గేమ్ రెండో సీజన్ ఏడు ఎపిసోడ్లూ ఒక్కసారే వచ్చిపడ్డాయి. మేం మొదటి రోజని ఒకటికి రెండు చూసి బుద్ధిగా ఆపాం. మర్నాడు మూడోది చూస్తుంటే మా ఆయన మరీ ప్రశాంతంగా ఉన్నారు. నేను దిండు గట్టిగా పట్టుకుని కూర్చుంటే ఆయన పక్కన జీడిపప్పు నములుతున్నారు. అనుమానం వచ్చింది. మా ప్రొఫైల్ చూస్తే ఏమీ లేదు. రెండ్రోజులయ్యాక మావయ్యగారికి ఏదో సినిమా పెడదామని ఆయన ప్రొఫైల్ తెరిచాను. స్క్విడ్ గేమ్ ఆరో ఎపిసోడ్ కింద నిండుగా ఎర్ర గీత! అరవై ఎనిమిదేళ్ల మనిషి. కళ్లజోడు లేకపోతే రిమోట్ మీద బటన్లే కనబడవు. ఆయన కొరియా సిరీస్ ఆరు ఎపిసోడ్లు చూశారంటే నమ్మమంటారా?

అప్పట్నుంచి నాది వారానికొకటి పార్టీ. ఏడు రోజులు అందరూ ఆగాల్సిందే అంటే ఇంట్లో దొంగచూపులు ఉండవు. మీ సంగతులు చెప్పండి.

బీచ్‌రోడ్_బాబ్జీ:
మీవారి మీద జాలేస్తోందండీ. ఏడు ఎపిసోడ్లు ఎదురుగా పెట్టి ఒకటే తినమంటే ఎలా?

నేను వారానికొకటి బాధితుణ్ణి. 2022లో హౌస్ ఆఫ్ ది డ్రాగన్ పది వారాలు చూశాను. అందులో రెనీరా ఒకావిడ, రెనీస్ ఇంకొకావిడ. ఏగాన్ వేరు, ఏమండ్ వేరు. అందరికీ తెల్ల జుట్టే. నాది షిఫ్ట్ డ్యూటీ, సోమవారం చూసింది గురువారానికి బుర్రలోంచి పోతుంది. నాలుగో వారానికి ఎవరు ఎవరి కొడుకో కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. ఇది వినోదమా, డిపార్ట్‌మెంట్ పరీక్షా?

ఇంకోటి డబ్బు. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ నెలకి 149. ఒక నెల కట్టి, దాచుకున్నవన్నీ ఊడ్చేసి, ఆపేయడం నా పద్ధతి. అదే ఎనిమిది ఎపిసోడ్లని వారానికొకటి చొప్పున వదిలే చోటయితే రెండు నెలలు కట్టాలి. వాళ్లకి కావాల్సిందీ అదే, ఇందులో కళాపోషణ ఏమీ లేదు.

పిన్_టు_పిన్:
డబ్బు సంగతి బాబ్జీగారు సగమే చెప్పారు. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ హౌస్ ఆఫ్ కార్డ్స్ 13 ఎపిసోడ్లూ ఒకే రోజు పెట్టినప్పుడు, టీవీ వాళ్లలాగా మిమ్మల్ని కూర్చోబెట్టం, మీ టైమ్ మీ ఇష్టం అన్నది పెద్ద ఆకర్షణ. చందాదారులు బాగా చేరాక అందరి సమస్యా మారింది. మనిషిని రప్పించడం కంటే వెళ్లకుండా ఆపడం కష్టమైంది. ఇప్పుడు ఆ నెట్‌ఫ్లిక్సే స్ట్రేంజర్ థింగ్స్ ఆఖరి సీజన్‌ని మూడు ముక్కలు చేసింది. మనకి 2025 నవంబర్ 27న నాలుగు, డిసెంబర్ 26న మూడు, జనవరి 1న చివరిది. నెలకి కాస్త పైగా సాగింది, అంటే రెండు బిల్లులు.

అలవాటు చేసి మానిపిస్తే మాత్రం జనం ఊరుకోరు. ది బాయ్స్ మొదటి సీజన్ 2019లో మొత్తం ఒకేసారి ఇచ్చారు. 2020లో రెండో సీజన్‌కి మూడు ఇచ్చి మిగతావి వారం వారం అన్నారు. అమెజాన్‌లో ఒక్క స్టార్ రేటింగులు కుప్పలు పోశారు. సిరీస్ బాగాలేదని కాదు, ఆగమన్నందుకు! అది తమ నిర్ణయమేనని షో నడిపే ఎరిక్ క్రిప్కీ చెప్పుకోవాల్సి వచ్చింది. 2025లో క్రిమినల్ జస్టిస్ నాలుగో సీజన్‌కి జియోహాట్‌స్టార్‌లో అదే వరస: మే 29న మూడు, తర్వాత వారానికొకటి. లాయర్ మాధవ్ మిశ్రా వాదన మధ్యలో ఉండగా వాయిదా వేసినట్టు ఉండేది. అయినా కోర్టు కథకి వాయిదాలు నప్పాయనే నా ఉద్దేశం.

రిటైర్డ్_మాస్టారు:
బాబులూ, మీరు కొత్తగా కొట్టుకుంటున్నది మా ఇంట్లో పాత తగవు. ఆంధ్రభూమి వీక్లీలో యండమూరి నవల తులసిదళం సీరియల్‌గా వస్తున్న రోజుల్లో మా ఇంటికి ఒకటే కాపీ. చదివేవాళ్లం ఆరుగురం. మా అక్కయ్య పేపరబ్బాయి కోసం వీధిగుమ్మంలోనే కాసుకునేది. చదవడం అయ్యాక మొహం చూసి ఏం జరిగిందో కనిపెట్టేస్తామని కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది. మిగతా ఐదుగురికి సాయంత్రందాకా టెన్షన్. అంటే అమ్మాయ్, వారానికొకటి అయినా దొంగచూపులు తప్పవు. మేం ఒక కాపీని బావి దగ్గర కూర్చుని దొంగతనంగా చదివినవాళ్లమే.

అసలు చెప్పదలచుకున్నది వేరే. సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసలో పెట్టి, దబ్బనంతో మూడు కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టి, పాత కేలండర్ అట్ట వేసేవాళ్లం. అలా కుట్టిన ఒక నవలని వేసవి సెలవుల్లో ఏకబిగిన చదివాను. వారం వారం చదివినప్పుడు ఊపిరాడనిచ్చింది కాదది. ఏకబిగిన చదివితే ప్రతి పది పేజీలకీ ఒక కేక, ఒక తలుపు చప్పుడు, ఒక 'సశేషం'. తర్వాతి పేజీలో చూస్తే తలుపు కొట్టింది పాలవాడు! ఏడు రోజులు ఆగినప్పుడు ఆ పాలవాణ్ణి క్షమించాం. ఏడు క్షణాల్లో పేజీ తిప్పితే తిట్టుకున్నాం. వారం కోసం రాసింది వారానికే చదవాలి, ఒక్కసారి కోసం రాసింది ఒక్కసారే. మా మనవడు చూపించే సిరీసుల్లో కొన్నిటికి నాలుగో భాగం, ఐదో భాగం చప్పగా నడుస్తాయి. ఎలాగూ నెక్స్ట్ అదే మొదలవుతుంది కదా అన్న ధీమా. వారం ఆగి వచ్చేవాడికి అలా పెడితే మళ్లీ వస్తాడా?

బీచ్‌రోడ్_బాబ్జీ:
మాస్టారూ, పాలవాడు దెబ్బ అదిరింది. ఒప్పుకున్నాను, కానీ పార్టీ మారను.

మాట_మార్చేవాణ్ణి:
నాది తెరవెనుక పని. తెలుగు డబ్బింగ్ స్క్రిప్టులు, సబ్‌టైటిల్స్ రాస్తాను. సంస్థల పేర్లు, సిరీస్‌ల పేర్లు అడక్కండి.

చూసేవాళ్లకి తెలియని ఇబ్బంది ఒకటి మాకుంది. ఇంగ్లీషులో అంకుల్ అంటే అయిపోయింది. తెలుగులో బాబాయా, పెదనాన్నా, మావయ్యా? బ్రదర్ అంటే అన్నా, తమ్ముడా? సీజన్ మొత్తం ఒకేసారి చేతికొస్తే చివరిదాకా చూసి, చుట్టరికాలు తేల్చుకుని, అప్పుడు మొదటి ఎపిసోడ్ మొదలుపెడతాం. కొన్ని వారం వారం సిరీస్‌లకి ఎపిసోడ్లు మాక్కూడా రెండేసి చొప్పునే వస్తాయి. ఒకసారి హీరో పదేపదే తలుచుకునే అంకుల్‌ని మావయ్య అని రాశాం. ఆర్టిస్టు బ్రహ్మాండంగా చెప్పాడు, మావయ్యా అన్నప్పుడు గొంతు కూడా జీరపోయింది. ఏడో ఎపిసోడ్‌లో తేలిందేమిటంటే ఆయన హీరో తండ్రికి సొంత తమ్ముడు. ఆస్తి గొడవంతా అన్నదమ్ముల మధ్యే! మొదటి ఎపిసోడ్లు అప్పటికే జనం చూసేశారు. ఏం చేస్తాం, ఆ ఒక్క ఎపిసోడ్‌లో పేరు పెట్టి పిలిపించి, మిగతా చోట్ల 'ఆయన' అని దాటేశాం.

ఎవరు ఎవర్ని మీరు అనాలి, ఎప్పుడు నువ్వులోకి దిగాలి అన్నదీ ఇంతే. ప్రేమలో పడేవాళ్లు మూడో ఎపిసోడ్‌లో పడతారో ఎనిమిదిలో పడతారో ముందే తెలియాలి కదా. చూసేవాడిగా నాకు వారానికొకటే ఇష్టం. రాసేవాడిగా మాత్రం మొత్తం ఒకేసారి ఇవ్వండి బాబూ అని దణ్ణం పెడతాను.

రిటైర్డ్_మాస్టారు:
నాయనా, ఇన్నాళ్లూ డబ్బింగ్‌లో మావయ్యలు ఎందుకు అంతమంది ఉంటారా అనుకునేవాణ్ణి.

డాలస్_తమ్ముడు:
మా అన్నయ్య విజయవాడలో, నేను డాలస్‌లో. హౌస్ ఆఫ్ ది డ్రాగన్ రెండో సీజన్ 2024 వేసవిలో ఎనిమిది వారాలు వచ్చింది. మాకు ఆదివారం రాత్రి ఎనిమిదికి, అదే క్షణం వాడికి సోమవారం పొద్దున్న ఆరున్నరకి. వాడు కాఫీ గ్లాసుతో, నేను పెరుగన్నంతో. ఎపిసోడ్ అయిన వెంటనే ఫోన్. మొదటి పది నిమిషాలు డ్రాగన్లు. తర్వాత మెల్లగా అమ్మ మోకాలు, పొలం కౌలు, వాడి కూతురి కాలేజీ అడ్మిషన్. అలా ఎనిమిది వారాలు తప్పకుండా మాట్లాడుకున్నాం. సీజన్ అయిపోయింది. తర్వాతి ఫోన్ వినాయక చవితికి.

ఒకేసారి వచ్చే సిరీస్ అయితే నేను శనివారమే ఊదేస్తాను, వాడు నెలకి చూస్తాడు. వాడు చూసేసరికి నాకు పేర్లు గుర్తుండవు. ఇంక ఏం మాట్లాడుకుంటాం?

శుక్రవారం_ఒకటిన్నర:
నా పేరే నా జవాబు. 2021లో మార్వెల్ వాళ్ల వాండావిజన్ మనకి శుక్రవారం మధ్యాహ్నం ఒకటిన్నరకి వచ్చేది. అందరం ఇంటి నుంచే పని. ఒకటిన్నర నుంచి రెండుంపావు దాకా మా టీమ్‌లో ఎవరి పేరు పక్కనా పచ్చ చుక్క ఉండేది కాదు. తర్వాత వారమంతా గ్రూపులో ఊహాగానాలు. కామిక్స్‌లో ఉండే మెఫిస్టో అనే విలన్ వస్తాడు, వచ్చే వారం ఖాయం అని ఎనిమిది వారాలు వాదించాను. రాలేదు. ఒకేసారి చూసి ఉంటే ఒక సాయంత్రంలో తేలిపోయేది. కానీ ఆ వాదనలున్నాయి చూశారూ, సిరీస్ కంటే అవే బాగున్నాయి.

వంటలక్క_గారబ్బాయి:
మీరంతా రోజూ వచ్చేవాటిని మర్చిపోయారు. స్టార్ మాలో కార్తీకదీపం రాత్రి ఏడున్నరకి వచ్చేది. హాట్‌స్టార్‌లో డబ్బు కట్టినవాళ్లకి అదే ఎపిసోడ్ పొద్దున్న ఆరింటికే వచ్చేసేది. అమ్మకి ఈ కిటుకు నేర్పింది నేనే. పాలు పొయ్యి మీద పెట్టి, ఫోన్ ఉప్పు డబ్బాకి ఆనించి చూసేసేది. రెండుసార్లు పాలు పొంగాయి. మోనిత ఏం చేసిందో పొద్దున్నే తెలిసిపోతుంది కదా, రాత్రి టీవీ మానేస్తుందేమో అనుకున్నాను. లేదు! ఏడున్నరకి పక్కింటి పిన్నిగారు వస్తారు. ఇద్దరూ సోఫాలో. డాక్టర్ బాబు తలుపు దాకా రాగానే అమ్మ, 'చూడండి, ఇప్పుడు వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు' అంటుంది. ఆయన వెళ్లిపోతాడు. పిన్నిగారు అమ్మ వైపు చూసే ఆ చూపు కోసమే అమ్మ పొద్దున్నే లేచేది. స్పాయిలర్ అని మనం గింజుకుంటాం గానీ, ఆవిడ దాన్ని పక్కింట్లో పలుకుబడికి వాడుకుంది.

పాలకొల్లు_పాప:
అసలు పోస్ట్ పెట్టిన అక్కా, కలిసి చూడటానికి వారం వారమే దిక్కని నేను ఒప్పుకోను. 90స్ ఎ మిడిల్ క్లాస్ బయోపిక్ 2024 జనవరి 5న ఈటీవీ విన్‌లో ఆరు ఎపిసోడ్లూ ఒకేసారి వచ్చింది. మేం పండక్కి ఊరు చేరేదాకా ఎవరూ చూడకూడదని కజిన్స్ గ్రూపులో ఒట్టు పెట్టుకున్నాం. భోగి ముందు రాత్రి పదిన్నరకి మొదలు. పదకొండు మంది, ఒక టీవీ, కింద చాపలు. మార్కుల సీన్ వచ్చినప్పుడల్లా మా పెదనాన్న ఎవరో ఒకళ్ల ప్రోగ్రెస్ కార్డు గుర్తు చేస్తారు. ఉప్మా సీన్లకి మా అమ్మ వైపు అందరూ తిరిగారు, ఆవిడ పట్టించుకోలేదు. మధ్యలో టీ, అరిసెలు, కరెంటు ఒకసారి పోయి రావడం. అయ్యేసరికి రెండు దాటింది. ఇంక పడుకుని ఏం లేస్తాం అని అలాగే భోగి మంట దగ్గరికి పోయాం.

అది వారానికొకటి అయ్యుంటే మొదటి ఎపిసోడ్ పాలకొల్లులో, రెండోది బెంగళూరులో నేనొక్కదాన్నే చూసేదాన్ని. ఊళ్లో మేం కలిసి ఉండేది నాలుగు రోజులు. వారం మాకెక్కడుంది?

డాలస్_తమ్ముడు:
ఒకే కప్పు కింద ఉన్నవాళ్ల మాట అదమ్మా. దూరంగా ఉన్నవాళ్లకి వారమే గతి.

కూకట్‌పల్లి_కోడలు:
అందరికీ థాంక్సండీ. పాలకొల్లు చెల్లాయ్, మీ ఒట్టు పద్ధతి మా ఇంట్లో ప్రయత్నించాను. ఒకేసారి వచ్చిన కొత్త సిరీస్ ఒకటి తీసుకుని, శుక్రవారం రెండు, శనివారం రెండు అని ఫ్రిజ్ మీద కాగితం అంటించాను. మా ఆయన సంతకం కూడా పెట్టారు. రెండు వారాలు బాగానే నడిచింది.

ఆయన ఈ చర్చ చదువుతున్నారని నా అనుమానం. నిన్న మావయ్యగారి ప్రొఫైల్ తెరిస్తే హిస్టరీ మొత్తం ఖాళీ. ఎర్ర గీతలు లేవు, అసలేమీ లేదు. పాపం మావయ్యగారు పొద్దున్నుంచీ రిమోట్ పట్టుకుని, నేను సగంలో ఆపిన సినిమా ఏమైందమ్మా అని నన్నడుగుతున్నారు. మీ అబ్బాయినే అడగండి అని చెప్పాను. ఆయనింకా ఆఫీసు నుంచి రాలేదు.