మేరీ రాణి బొమ్మలో వేలాడేది లా పెరెగ్రీనా ముత్యమేనా?

ముత్యాలపిచ్చి: ఇంగ్లండ్ రాణి మొదటి మేరీ బొమ్మ, 1554లో ఆంటోనిస్ మోర్ వేసింది, మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలో ఉంటుంది. చేతిలో ఎర్ర గులాబీ, మొహంలో నవ్వన్నమాటే లేదు, ఛాతీ మీద నల్లటి పలకలాంటి వజ్రం, దాని కింద నీటిబొట్టులా పెద్ద ముత్యం. పెళ్లికి వరుడు, స్పెయిన్ యువరాజు ఫిలిప్ ఇచ్చిన పెరెగ్రీనా అనే ముత్యం ఇదే అని, అదే చివరికి హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్ మెడకెక్కిందని ఎన్నేళ్లుగానో చెప్తున్నారు. నేనూ అదే అంటాను. కాదనేవాళ్లు రండి.

లెక్కలోడు: కాదండి. మేరీ పోయింది 1558లో. పనామా సముద్రంలో దొరికిన పెరెగ్రీనా స్పెయిన్ రాజు దగ్గరికి చేరింది 1580 ప్రాంతంలో. ఆవిడ పోయిన ఇరవై ఏళ్లకి వచ్చిన ముత్యాన్ని ఆవిడెలా పెట్టుకుంటుంది?

ముత్యాలపిచ్చి: మరి వెలాస్కెజ్ వేసిన స్పెయిన్ రాణి మార్గరీటా గుర్రం మీదున్న బొమ్మలోనూ వజ్రం కింద ముత్యం, అచ్చం ఇలాగే ఉంది కదా? రెండూ పక్కపక్కన పెట్టి చూశా, నాకు తేడా కనపళ్లేదు.

రంగులడబ్బా: నేను బొమ్మలేస్తా కాబట్టి చెప్తున్నా. ముత్యం అంటే బూడిదరంగు మీద పైన ఒక తెల్ల చుక్క, కింద అంచున కాస్త వెలుగు, అంతే, ఏ ముత్యమైనా ఇంతే. పైగా వెలాస్కెజ్ స్పెయిన్ ఆస్థానానికొచ్చింది 1623లో, మార్గరీటా 1611లోనే పోయింది, అంటే ఆవిడ ఆయన ముందు కూర్చోనే లేదు. అలాంటి బొమ్మతో ముత్యం కొలతలేంటి బాబూ!

లెక్కలోడు: ఇంకోటి, 2004లో లండన్ వేలంలో 258 గ్రెయిన్ల (క్యారెట్‌కి నాలుగు గ్రెయిన్లు) బొట్టు ముత్యం ఒకటి అమ్మారు. మేరీ ముత్యం ఇదే అంటున్నారిప్పుడు. పెరెగ్రీనా దాదాపు 50 క్యారెట్లు, అంటే 200 గ్రెయిన్ల పైచిలుకు. రెండూ వేరు.

రంగులడబ్బా: అది మేరీదని ఎలా తెలిసింది? బొమ్మ చూసేగా? ముత్యాలపిచ్చి గారు చేస్తే తప్పూ, వాళ్లు చేస్తే ఒప్పూనా?

లెక్కలోడు: అదీ నిజమే, ఒప్పుకుంటా. పెరెగ్రీనా మేరీది కాదన్నంతవరకే నా వాదన, ఆవిడ ముత్యం ఏదో నేను తేల్చలేను.

ముత్యాలపిచ్చి: సరే, తేదీల దగ్గర ఓడిపోయా. కానీ టేలర్ భర్త, నటుడు రిచర్డ్ బర్టన్ 1969లో 37,000 డాలర్లు పెట్టి పెరెగ్రీనా కొన్నాడా, అదే ముత్యం 2011లో 1 కోటి 18 లక్షల డాలర్లకి పోయింది, కార్టియే నెక్లెస్‌తో కలిపి అనుకోండి. మేరీ కథ లేకపోతే అంత పలికేదా అని నా డౌటు. ఇంకో ముచ్చట, హాన్స్ ఈవర్త్ 1554లో వేసిన మేరీ బొమ్మ లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది, 1972లో దాన్ని కొనడానికి బర్టన్, టేలర్ కూడా డబ్బులిచ్చారు. పాపం, తమ ముత్యమే అనుకునుంటారు!

రంగులడబ్బా: టేలర్ కుక్కపిల్ల ఆ ముత్యాన్ని నోట్లో పెట్టుకుందట కదా, ముందు ఆ కథ చెప్పండి.