ఆడవాళ్లు టాప్ లెవెల్ రేసింగ్‌లో మగవాళ్లతో పోటీ పడగలరా?

పటమట వీల్స్:
ఈ విషయం మన బెజవాడ రేసింగ్ అభిమానుల్లో ఎప్పుడు వచ్చినా సగంలోనే ఆగిపోతోంది. ఈసారి తేలేదాకా మాట్లాడదాం. ఎఫ్1 అంటే ఫార్ములా వన్, కార్ రేసుల్లో అన్నిటికంటే పై స్థాయి. ఎఫ్1 అకాడమీ పేరుతో 2023 నుంచి అమ్మాయిలకే విడిగా ఒక సిరీస్ నడుపుతున్నారు. మొదటి ఏడాది మార్తా గార్సియా, 2024లో అబ్బీ పుల్లింగ్, 2025లో డోరియన్ పిన్ గెలిచారు. ఒక్కరికీ ఎఫ్1 సీటు రాలేదు. అంతకుముందు డబ్ల్యూ సిరీస్ ఉండేది, అదీ అమ్మాయిలదే. జేమీ చాడ్విక్ దాన్ని మూడుసార్లు గెలిచింది, ఆమెకూ రాలేదు. 1950లో ఎఫ్1 ఛాంపియన్‌షిప్ మొదలైతే ఇన్నేళ్లలో రేసు మొదలుపెట్టిన ఆడవాళ్లు ఇద్దరే. 1958లో మరియా తెరేసా డి ఫిలిప్పిస్, 1970లలో లెల్లా లొంబార్డి. 1992లో జొవన్నా అమాటి మూడుసార్లు ప్రయత్నించి క్వాలిఫై కూడా కాలేదు. శరీరం సహకరించదు అని ఒప్పుకోవడానికి ఎందుకంత ఇబ్బంది? ఇందులో ఎవరినీ తక్కువ చేయడం లేదు.

బ్రాడీపేట 4/7:
గుంటూరు నుంచి రాస్తున్నాను. "శరీరం సహకరించదు" అన్నారు కదా, మిషెల్ మూటన్ శరీరం ఎలా సహకరించింది? 1981లో సాన్ రెమో, 1982లో పోర్చుగల్, అక్రోపొలిస్, బ్రెజిల్, మొత్తం 4 ప్రపంచ ర్యాలీలు గెలిచింది. అదీ ఆడి క్వాట్రో కారులో, మగవాళ్ల మధ్య, ఏ విడి విభాగమూ లేకుండా. 1982 ఛాంపియన్‌షిప్‌లో వాల్టర్ రోర్ల్ తర్వాత రెండో స్థానం ఆమెదే. యుటా క్లైన్‌ష్మిట్ 2001లో డాకార్ ర్యాలీ గెలిచింది. దాదాపు మూడు వారాలు ఎడారిలో నడిపే రేసు అది. అంతకంటే శరీరానికి ఇంకేం పరీక్ష కావాలండీ?

కృష్ణలంక కుర్రాడు:
అమరావతిలో రేస్ ట్రాక్ ఎప్పుడు వస్తుందో ముందు అది చెప్పండి.

పటమట వీల్స్:
మేడం, ర్యాలీ వేరు, ఎఫ్1 వేరు. తల, హెల్మెట్ కలిపి ఆరేడు కిలోలు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు దానికి ఐదు రెట్ల బరువు మెడ మీద పడుతుంది. బ్రేక్ పెడల్ మీద వంద కిలోలకు పైగా బలం వేయాలి, అదీ ప్రతి ల్యాప్‌లోనూ. ఎండ ఎక్కువ ఉన్న రేసుల్లో డ్రైవర్లు రెండు మూడు కిలోలు తగ్గిపోతారు. ఈ లెక్కలకు జవాబు చెప్పకుండా 1982 గురించి మాట్లాడితే ఎలా?

ఆటోనగర్ లేత్:
పటమట శేఖరన్నా, కొంచెం ఇనుము గురించి మాట్లాడుకుందాం. ఎఫ్1 కారుకు పవర్ స్టీరింగ్ ఉంది. దాని కింద ఉన్న ఎఫ్2, ఎఫ్3 కార్లకు లేదు. అంటే స్టీరింగ్ తిప్పడం వరకు చూస్తే, ఎఫ్1కి వెళ్లే దారి ఎఫ్1 కంటే కష్టం. పాత లారీలకు స్టీరింగ్ చక్రం ఎందుకంత పెద్దగా ఉండేది? చక్రం పెద్దదైతే తక్కువ బలంతో తిరుగుతుంది. ఫార్ములా కారులో కాళ్ల మీద చోటు ఉండదు, పెద్ద చక్రం పట్టదు. 2019లో ఎఫ్2లో నడిపిన మొదటి అమ్మాయి తాతియానా కాల్డెరోన్ ఆ కారుతోనే కుస్తీ పట్టింది. 2024లో ఎఫ్2కి కొత్త కారు తెచ్చినప్పుడు స్టీరింగ్‌కి పట్టే బలాన్ని కూడా చూసుకుని చేశారు. మెడ సంగతికి వస్తే, కొత్తగా వచ్చిన మగ డ్రైవర్లకూ మెడే ముందు పట్టేస్తుంది. నెలల తరబడి బలం పెంచుకుంటారు. అది పుట్టుకతో రాదు.

పటమట వీల్స్:
చూశారా, కారునే మార్చాల్సి వచ్చింది! నేను చెప్పేది కూడా అదే కదా. డ్రైవర్ కారుకు తగ్గట్టు ఉండాలి గాని కారు డ్రైవర్‌కు తగ్గట్టు కాదు.

ఆటోనగర్ లేత్:
అన్నా, అలా ఎక్కడా జరగదు. ప్రతి ఎఫ్1 డ్రైవర్‌కీ సీటు ఒంటి కొలత తీసుకుని పోస్తారు. పెడళ్లు కాలి పొడవును బట్టి జరుపుతారు. యుకి సునోడా ఎత్తు 160 సెంటీమీటర్లకు అటూ ఇటూ, అలెక్స్ ఆల్బన్ ఆరడుగులు దాటాడు. ఇద్దరికీ ఒకే కాక్‌పిట్ పెట్టి తిప్పమంటే ఎవరూ తిప్పలేరు. డ్రైవర్‌కు సరిపోయేలా కారు అమర్చడం మా పనిలో మొదటి పాఠం.

బ్రాడీపేట 4/7:
ఇంకో మాట. 2005లో డానికా పాట్రిక్ అమెరికాలో ఇండీ 500 రేసుకి వచ్చినప్పుడు, ఆమె తేలిగ్గా ఉంది కాబట్టి కారు వేగంగా పోతుంది, ఇది అన్యాయం అని రాబీ గోర్డన్ అనే డ్రైవర్ గొడవ చేశాడు. ఇక్కడేమో బలం చాలదంటున్నారు, అక్కడ బరువు చాలదన్నారు. ఆడది గెలవకపోతే ఒక కారణం, గెలిచేలా ఉంటే ఇంకో కారణం. ఇండీ కారుకు పవర్ స్టీరింగ్ ఉండదు. ఆ కారుతోనే 2008లో జపాన్‌లోని మోటెగిలో ఆమె రేసు గెలిచింది.

పటమట వీల్స్:
మోటెగి సంగతి నాకు బాగా తెలుసు. చివర్లో ముందున్నవాళ్లు ఇంధనం కోసం ఆగారు. ఆగకుండా సరిపెట్టుకున్న ఈమె రెండు ల్యాప్‌లు ఉండగా ముందున్న కాస్ట్రోనెవెస్‌ని దాటింది. అది వేగంతో వచ్చిన గెలుపు కాదు.

తెనాలి డబల్ డెక్కర్:
ఇంధనం మిగుల్చుకుంటూ ముందు ఉండడం కూడా డ్రైవర్ పనే కదండీ.

పటమట వీల్స్:
డ్రైవర్ పనే, కాదనను. కానీ మొత్తం కెరీర్‌లో ఇండీ కార్ గెలుపు అదొక్కటే. ఎఫ్1లో ఆడవాళ్లు సాధించిన మొత్తం పాయింట్లు ఎన్నో ఎవరైనా చెప్పండి. అర పాయింట్. డెబ్బై అయిదేళ్లలో అర పాయింట్.

తెనాలి డబల్ డెక్కర్:
ఆ అర పాయింట్‌ని అలా చులకన చేయకండి. 1975లో స్పెయిన్‌లో మొంజుయిక్ రేసులో స్టొమెలెన్ అనే డ్రైవర్ కారు జనం మీదికి దూసుకెళ్లి ప్రేక్షకులు చనిపోయారు. రేసు మధ్యలో ఆపేశారు కాబట్టి అందరికీ సగం పాయింట్లే ఇచ్చారు. గెలిచిన యోహెన్ మాస్‌కి కూడా 9 బదులు 4.5 వచ్చాయి. లొంబార్డి ఆరో స్థానం. ఆరో స్థానానికి ఒక పాయింట్, అందులో సగం.

పటమట వీల్స్:
సరే, ఒకటే అనుకోండి. ఒకటయినా అంతే కదా.

ఏలూరు రోడ్:
మన కోనేరు హంపిని చూడండి. 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. ఆడవాళ్లకి ఇచ్చే టైటిల్ కాదు, అసలు గ్రాండ్‌మాస్టర్ టైటిల్. మన జిల్లా అమ్మాయి చేసింది ఎవరైనా చేయగలరు.

పటమట వీల్స్:
చదరంగంలో బలంతో పని లేదు, అయినా ఆడవాళ్ల ఛాంపియన్‌షిప్ విడిగా ఉంది. విలువిద్యలో మన జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది, చాలా గర్వపడ్డాను. ఆమె వ్యక్తిగత స్వర్ణం కూడా మహిళల విభాగంలోనే. అన్ని ఆటల్లో విడివిడిగా ఉన్నప్పుడు రేసింగ్‌లో కూడా విడిగా పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ విడి సిరీస్ కావాలి, దానికి కంపెనీల డబ్బు కావాలి, మళ్లీ "మేం సమానం" అనాలి. రెండూ కుదరవు.

బ్రాడీపేట 4/7:
ఇక్కడ మీతో సగం ఏకీభవిస్తాను. విడి సిరీస్ నాకూ ఇష్టం లేదు. చదరంగంలో జుడిత్ పోల్గార్ ఆడవాళ్ల ప్రపంచ టైటిల్ కోసం ఆడనని కూర్చుంది, మగవాళ్లతోనే ఆడి ప్రపంచంలో తొలి పదిమందిలోకి వెళ్లింది. ఎఫ్1 అకాడమీలో వాడేది ఎఫ్3 కంటే కింది ఎఫ్4 స్థాయి కారు. అక్కడ గెలిచినా, ఎఫ్1 నడపాలంటే ఉండాల్సిన సూపర్ లైసెన్స్‌కి కావలసిన 40 పాయింట్లకు చాలా దూరం. అమ్మాయిలను ఒక గదిలో పెట్టి ఇక్కడే ఆడుకోండి అన్నట్టు ఉంటుంది.

ఆటోనగర్ లేత్:
మేడం, ఆ గది కూడా లేకపోతే వాళ్లు రోడ్డు మీదే ఉంటారు. డబ్బు లేక కారే దిగిపోతారు. విడి సిరీస్ కనీసం టైర్లకూ ఇంజనుకూ డబ్బు ఇస్తోంది. చాడ్విక్ డబ్ల్యూ సిరీస్ తర్వాత అమెరికా వెళ్లి 2024లో రోడ్ అమెరికా ట్రాక్ మీద, ఇండీ కార్‌కి కింది మెట్టయిన ఇండీ నెక్స్ట్ రేసు మగవాళ్ల మీద గెలిచింది. 2022లో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఇండియన్ రేసింగ్ లీగ్‌లో ప్రతి టీమ్‌లో ఒక మహిళా డ్రైవర్ ఉండాలని నిబంధన పెట్టారు. నాకు నచ్చిన పద్ధతి అదే. ఒకే కారు, ఒకే రేసు, సీటు మాత్రం గ్యారంటీ.

పటమట వీల్స్:
గ్యారంటీ! ఆ మాట కోసమే చూస్తున్నాను. ఎవరి సీటు తీసి గ్యారంటీ ఇస్తారు? చెప్పకూడదనుకున్నాను, కానీ చెప్తాను. మా అబ్బాయి ఎనిమిదో ఏట నుంచి కార్ట్, అంటే పిల్లలు మొదట నేర్చుకునే చిన్న రేసు కారు, నడిపాడు. శుక్రవారం రాత్రి ఇక్కడ బయలుదేరి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లి, సోమవారం పొద్దున స్కూలు టైముకి తిరిగొచ్చేవాళ్లం. కంకిపాడు దగ్గర ఎకరం అమ్మేశాను. ఫార్ములా కారు ఎక్కే సమయానికి ఒక కంపెనీ స్పాన్సర్ చేస్తామని మాట ఇచ్చి, చివరికి "ఈ ఏడాది అమ్మాయిలకే ఇస్తున్నాం" అంది. ఇచ్చిన అమ్మాయి ల్యాప్ టైమ్‌లో మావాడి కంటే వెనక. వాడిప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, టీవీలో రేసు వస్తే లేచి వెళ్లిపోతాడు. మీరు అర పాయింట్ గురించి, పోల్గార్ గురించి రాస్తున్నారు. నా కొడుకు గురించి ఎవరు రాస్తారు?

కృష్ణలంక కుర్రాడు:
అయ్యో బాబాయ్.

బ్రాడీపేట 4/7:
మీ అబ్బాయికి జరిగింది అన్యాయమే. ఇచ్చిన మాట తప్పిన కంపెనీని తిట్టండి, నేనూ తిడతాను. కానీ ఇరుంగట్టుకోట్టై పేరు మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. 2018-19 ఎమ్మారెఫ్ ఛాలెంజ్ అనే రేసుల సిరీస్ ఆఖరి రౌండ్ అదే ట్రాక్ మీద జరిగింది. అందరికీ ఒకే రకం కారు. ఎవరు గెలిచారు? మీరు మొదటి పోస్టులో తీసిపారేసిన జేమీ చాడ్విక్. మగ డ్రైవర్లతో కలిసి పోటీ పడి ఛాంపియన్ అయింది. మెడ, బ్రేక్, ఎండ అన్నీ అక్కడ కూడా ఉన్నాయి, మద్రాసు ఎండ.

పటమట వీల్స్:
అది ఎఫ్1 కాదు.

బ్రాడీపేట 4/7:
మీరు చూపించే మెట్టు మారుతూనే ఉంది. ర్యాలీ అంటే ఎఫ్1 కాదు, ఇండీ అంటే ఇంధనం, ఎమ్మారెఫ్ అంటే ఎఫ్1 కాదు. నా సంగతి కూడా చెప్తాను. మా నాన్నగారికి మిర్చి యార్డుకి తిరిగే లారీలు ఉండేవి. మా తమ్ముడికి పన్నెండేళ్లకే నల్లపాడు రోడ్డు మీద స్టీరింగ్ ఇచ్చారు. నాకు డిగ్రీ అయ్యాక కూడా కారు తాళం ఇవ్వలేదు. బండి నా కంటే వాడు బాగా నడుపుతాడని ఇప్పటికీ ఇంట్లో అంటారు. పదేళ్లు ముందు మొదలుపెట్టినవాడు బాగా నడపక ఏం చేస్తాడు? శేఖర్ గారూ, పోయిన నెల స్కూటర్ల చర్చలో మీ అమ్మాయి స్కూటీ బ్రహ్మాండంగా నడుపుతుందని మీరే రాశారు. ఆమెను ఒక్కసారైనా కార్ట్ ఎక్కించారా?

పటమట వీల్స్:
ఇంట్లో వాళ్లను లాగకండి.

బ్రాడీపేట 4/7:
మీ అబ్బాయిని మీరే తెచ్చారు కదండీ.

పటమట వీల్స్:
అడగలేదు కాబట్టి ఎక్కించలేదు. అన్నతో పాటు చెన్నై వచ్చేది, టైర్ ప్రెషర్ చూసేది, ల్యాప్ టైమ్‌లు రాసిపెట్టేది. ఎక్కుతానని అడగలేదు. ఆమె పేరున స్థలం ఉంది, అది ఆమె పెళ్లికి. దాన్ని అమ్మి కార్ట్ కొనిస్తే మా వాళ్లంతా ఏమంటారో మీకూ తెలుసు. ఒక తండ్రిగా నేను చేసింది తప్పు కాదు. ఉన్న డబ్బు ఫలితం వచ్చేచోట పెడతాం. కంపెనీలు కూడా అదే చేయాలి.

ఏలూరు రోడ్:
ఇప్పుడు వచ్చింది అసలు విషయం.

ఆటోనగర్ లేత్:
శేఖరన్నా, కోపం తెచ్చుకోవద్దు. ఎఫ్1 ఛాంపియన్లనే చూడండి, వెర్‌స్టాపెన్ నాలుగున్నరేళ్లకు కార్ట్ ఎక్కాడు, హామిల్టన్ ఎనిమిదేళ్లకు. మొదట కార్ట్ ఎక్కే పిల్లల్లో అమ్మాయిలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఎక్కినవాళ్లలో చాలామంది మధ్యలో డబ్బు లేక దిగిపోతారు, మీ అబ్బాయి లాగే. వందమంది అబ్బాయిలు మొదలుపెడితే ఒక్కడు ఎఫ్1కి వెళ్లడం కష్టం. నలుగురు అమ్మాయిలు మొదలుపెట్టి ఒక్కరు వెళ్లలేదని శరీరం మీద తీర్పు చెప్పడం ఎక్కడి లెక్క? 2023లో సోఫియా ఫ్లోర్ష్ ఎఫ్3లో పాయింట్లు తెచ్చింది. 2018లో మకావు రేసులో వెన్నెముక విరిగి, ఏడాది తిరిగేసరికి మళ్లీ మకావు వెళ్లి నడిపిన అమ్మాయి ఆమె. బలం గురించి ఆమె ముందు మాట్లాడగలమా?

తెనాలి డబల్ డెక్కర్:
పైన ఐరన్ డేమ్స్ అనే ఆడవాళ్ల టీమ్ పేరు ఎవరూ ఎత్తలేదు. 2023లో బహ్రెయిన్ 8 గంటల రేసులో ముగ్గురు డ్రైవర్లూ ఆడవాళ్లే ఉన్న ఆ టీమ్ తమ క్లాసులో, అంటే తమ విభాగంలో, గెలిచింది. గంటల తరబడి నడిపే ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ రేసది.

పటమట వీల్స్:
క్లాసులో గెలిచింది. అది అమెచ్యూర్ క్లాసు. నా మాట మారదు. ఎఫ్2లో ఒక అమ్మాయి పూర్తి సీజన్ తొలి ఐదుగురిలో నిలబడితే అప్పుడు నన్ను పిలవండి. అప్పటిదాకా అబ్బాయిల స్పాన్సర్ డబ్బు తీసి ఇవ్వడం నేను ఒప్పుకోను.

బ్రాడీపేట 4/7:
ఆ షరతు నేను ఒప్పుకోను. మీ అబ్బాయి ఎనిమిదేళ్లకు కార్ట్ ఎక్కిన రోజున వాడు తొలి ఐదుగురిలో ఉంటాడని ఎవరు రుజువు చేశారు? రుజువు లేకుండానే ఎకరం అమ్మారు, తండ్రిగా అది మంచి పనే. మీ అమ్మాయి ల్యాప్ టైమ్‌లు రాస్తూ అక్కడే నిలబడింది. ఆమె విషయంలో మాత్రం ముందు ఎక్కడో యూరప్‌లో ఎవరో రుజువు చేయాలి అంటున్నారు. నాకు అభ్యంతరం అక్కడే, ఎఫ్1 దగ్గర కాదు.

పటమట వీల్స్:
నేను అడిగింది రేసింగ్ గురించి. మా ఇంటి గురించి కాదు.

ఆటోనగర్ లేత్:
అన్నా, ఎఫ్2లో ఒక సీజన్‌కి కోట్లు కావాలి. తొలి ఐదుగురిలో నిలబడాలంటే మంచి టీమ్ కావాలి, దానికి ఇంకా ఎక్కువ కావాలి. మీరు పెట్టిన షరతు తీరాలంటే ఆ డబ్బు ముందు ఎవరో ఒకరు ఒక అమ్మాయి మీద పెట్టాలి. ఎవరు పెట్టాలో కూడా మీరే రాయండి.