ధమనుల్లో "తప్పు మడత": ఏ మాట రాద్దాం?

ప్రశ్న: ధమనుల జబ్బు మీద ఆరోగ్య వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. "ప్రోటీన్ మిస్‌ఫోల్డింగ్"కు "మాంసకృత్తుల వికృతీకరణ" సరిపోతుందా? తప్పుగా మడతపడ్డ ప్రోటీన్ పోగులను అనే "అమిలాయిడ్"ను పిండి పదార్థం అనొచ్చా?

జవాబు: "వికృతీకరణ" వద్దండీ. అలా రాస్తే గుడ్డు ఉడికినప్పుడు తెల్లసొనలో జరిగేది కూడా అందులోకే వస్తుంది. అక్కడ ఉన్న మడత విడిపోతుంది, ఇక్కడ మడత ఒకచోట పడాల్సింది ఇంకోచోట పడుతుంది. "తప్పు మడత" అంటే చాలు. (మనకు మడతపేచీలు కొత్తా!)

"పిండి" అయితే అసలే వద్దు. 1854లో జర్మన్ వైద్యుడు విర్షో అయోడిన్ వేసి చూస్తే పిండిలాగే రంగు మారింది, అందుకే "పిండిలాంటిది" అనే అర్థంలో ఆ పేరు పెట్టాడు. అయిదేళ్లకే, 1859లో, ఫ్రీడ్రైక్, కెకులే అనే శాస్త్రవేత్తలు అది ప్రోటీన్ అని తేల్చారు. పేరు మాత్రం ఉండిపోయింది. "అమిలాయిడ్" అనే ఉంచండి.

ఇంకో జవాబు: తిండి పేరే పెట్టిన మాట ఇంకోటి ఉంది: ధమని గోడలో కొవ్వుతో ఏర్పడే ముద్దను (ఫలకాన్ని) అనే "అథిరోమా". దాని గ్రీకు మూలానికి అర్థం జావ. కోసి చూస్తే లోపల అలా మెత్తగా ఉంటుందని.

ప్రశ్న: మరి "కొవ్వు పేరుకోవడం వల్ల ప్రోటీన్ గడ్డకట్టి" అని రాశాను. ఫర్వాలేదా?

జవాబు: చిక్కంతా అక్కడే ఉంది. అపోలైపోప్రోటీన్ సి-2 సంగతే చూడండి. 79 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. రక్తంలో కొవ్వు రేణువులను అంటిపెట్టుకుని ఉన్నంతసేపు బుద్ధిగా సర్పిలంగా ఉంటుంది. పట్టు వదిలితే ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి పోగులవుతుంది. ప్రయోగశాలలో ఒక పొట్టి ఫాస్ఫోలిపిడ్‌ను (ఒక రకం కొవ్వు) విడి అణువులుగా, కొద్దిగా కలిపితే పోగులు త్వరగా తయారయ్యాయి. అదే కొవ్వును గుంపులు కట్టేంత ఎక్కువగా కలిపితే ఆగిపోయాయి. అంటే కొవ్వు ఇక్కడ రెండు వేషాలూ వేస్తుంది. "పేరుకోవడం" అనగానే పాఠకుడికి గిన్నెలో నెయ్యే గుర్తొస్తుంది, ఈ సంగతి తట్టదు.

మనిషి ధమనుల ఫలకాల్లో ఈ ప్రోటీన్ అమిలాయిడ్‌తో కలిసి కనబడింది. పోగులను మాక్రోఫేజ్ కణాలు (ఒంట్లో చెత్తను మింగే రక్షక కణాలు) గుర్తుపట్టి వాపును రేపుతాయనీ చూశారు. అయినా ధమనుల జబ్బుకు ఇదే కారణం అని రాయకండి, అంత దూరం రుజువు కాలేదు.

"కొవ్వు ఉన్న తీరును బట్టి ప్రోటీన్ తప్పు మడత పడి పోగులు కట్టవచ్చు" అంటే సరి. "గడ్డకట్టి" మాత్రం తీసేయండి, రక్తం గడ్డకట్టిందనుకుని జనం టెన్షన్ పడతారు.