జేగురు నూరడమా, వర్ణకాల శుద్ధా?

ప్రశ్న: అమెరికాలోని కాడో అనే మూలవాసి ప్రజలు తొలినాళ్లలో ఖనిజాలతో రంగులు సిద్ధం చేసుకున్న తీరును గురించి వ్యాసం రాస్తున్నాను. ‘ఖనిజ వర్ణకాల శుద్ధి’ అనవచ్చునా? పెద్దలు తెలుపగలరు.

జవాబు: ‘శుద్ధి’ వద్దని నా మనవి. శుద్ధి అంటే మలినాన్ని తొలగించడం. రాతిపలక మీద మిగిలిన ఎర్రటి మరక నూరిన సంగతిని చెబుతుందే గాని, మలినం తీసిన సంగతిని చెప్పదు. మనకు నూరడం, దంచడం, కాల్చడం, తేర్చడం అని వేర్వేరు క్రియలున్నాయి, వాటి ఆనవాళ్లూ వేర్వేరే. నూరితే రాయి అరిగి నున్నబడుతుంది, దంచితే గుంటలు పడతాయి. పసుపుపచ్చని ఇనుప ఖనిజం గోథైట్‌ను సుమారు 250–300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే ఎర్రని ఇనుప ఖనిజం హెమటైట్‌గా మారుతుంది, అయితే ఎర్రరాయి సహజంగానూ దొరుకుతుంది గనుక ఎరుపును చూసి కాల్చారని తేల్చకూడదు. నీళ్లలో కలిపి తేర్చిన పనికైతే ఆనవాలు మిగలడమే అరుదు.

కాడోల స్వస్థలం నేటి టెక్సాస్, లూసియానా, ఆర్కాన్సా, ఓక్లహోమా రాష్ట్రాలు కలిసే ప్రాంతం. తూర్పు టెక్సాస్‌లోని ఆల్టో పట్టణం దగ్గర, సుమారు క్రీ.శ. 800 నుండి 1300 వరకు నిలిచిన వారి ఊరూ మూడు మట్టిదిబ్బలూ ప్రసిద్ధం. వారి కుండలను మీ వ్యాసంలో తప్పక వర్ణించండి. పచ్చిమట్టి మీద గీస్తే గీత అంచున మట్టి పొర్లి గట్టులా నిలుస్తుంది, గట్టిపడిన కుండ మీద చెక్కితే అంచు సన్నగా చిట్లుతుంది. నేర్పుగల కాడో కుమ్మరులు ఇలా చెక్కిన గీతల్లోకి హెమటైట్ పొడినో, తెల్లని మట్టి అయిన కేయోలిన్‌నో రుద్ది నింపేవారు. గీత లోతులో అంటుకుని మిగిలిన ఆ పొడి, రంగును మెత్తగా నూరి వాడారనడానికి చక్కని సాక్ష్యం.

ఎరుపుకు ‘జేగురు’ రాయండి. తెలంగాణ పాఠకులకు ‘జాజు’ దగ్గరి మాట. తెలుపుకు ‘సుద్ద’ చాలు. అన్నిటికీ కలిపి ‘రంగుమట్టి’ అనవచ్చు గాని ‘రంగురాళ్లు’ అనకండి, ఉంగరాల్లో పొదిగే రాళ్లనుకుంటారు.

ప్రశ్న: సమాధుల్లో దొరికిన ఆకుపచ్చ ముద్దలను కూడా ‘నూరిన రంగుమట్టి’ అనవచ్చునా?

జవాబు: తూర్పు టెక్సాస్‌లో తర్వాతి కాలపు కాడో సమాధుల్లో కనిపించే గ్లాకొనైట్ అనే ఆకుపచ్చ ఖనిజమున్న మట్టి సంగతే మీరు అడుగుతున్నట్లయితే, ‘సమాధిలో ఉంచిన ఆకుపచ్చ రంగుమట్టి’ అనండి. నూరినట్లు వేరే ఆనవాలు ఉన్నచోటనే ‘నూరిన’ అనే విశేషణం చేర్చండి.