జీడి పరిశ్రమలకు కొత్త కార్మిక కోడ్‌లు: భారమా, పాత బాకీయా?

పలాస జీడి:
పలాసలో మాది 18 మందితో నడిచే చిన్న జీడి పరిశ్రమ. 2025 నవంబరు 21న పాత చట్టాలు 29 పోయి నాలుగు కోడ్‌లు వచ్చాయి. పని తేలికవుతుందన్నారు. నాకు కనిపిస్తున్నది ఖర్చే. అందరికీ నియామక పత్రాలట, 40 దాటినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్షలట, మొత్తం జీతంలో సగమైనా ‘వేతనం’ కింద లెక్కకు రావాలట. మా దగ్గర 11 మంది 40 దాటినవారే. పిక్కలు ఆఫ్రికా నుంచి వస్తున్నాయి, పప్పు ధర మా చేతిలో లేదు. ఈ బరువు ఎవరి నెత్తిన పెట్టాలి?

విజయనగరం ఆడిటరు:
లెక్క వేసి చూద్దామండీ. 18,000 జీతంలో మూలవేతనం 6,000 చూపుతున్నారనుకోండి. ఇకపై గ్రాట్యుటీని, అంటే పని మానేటప్పుడు సర్వీసు ఏళ్లను బట్టి ఇచ్చే మొత్తాన్ని, కనీసం 9,000 మీద కట్టాలి. ఏడాది సర్వీసుకు 3,462 రూపాయలు కాస్తా 5,192 అవుతుంది. కానీ ఇది మీ గుమాస్తా సంగతి. కిలోల లెక్కన పొట్టు తీసే ఆడవాళ్లకు అలవెన్సులు ఎక్కడున్నాయి? వాళ్లకిచ్చేదంతా ముందునుంచీ వేతనమే. 20 మంది లేరు కనుక పీఎఫ్ కూడా మీకు తప్పనిసరి కాదు. 18 దగ్గరే ఎందుకు ఆగారో నేను అడగను.

కాశీబుగ్గ ఆడపడుచు:
మా అమ్మ వేరే పరిశ్రమలో 22 ఏళ్లుగా పిక్కలు కోస్తోంది. జీడి నూనె అంటి వేళ్ల చివర్లు నల్లబడి, తోలు పొరలుగా ఊడుతుంది. అన్నం కలుపుకోవడానికి ఇప్పటికీ చెంచా వాడుతుంది. బ్యాంకులో అప్పుకు వెళితే ఎక్కడ పనిచేస్తున్నావో కాగితం చూపమన్నారు. లేదు. నియామక పత్రం మీకు ఒక్క కాగితం ఖర్చే కదా?

పలాస జీడి:
కాగితానికి కాదమ్మా నా భయం, అందులో ‘చేరిన తేదీ’ అన్న గడికి. ఈ నెల తేదీ వేస్తే అబద్ధం. పాత తేదీ వేస్తే అన్నేళ్ల గ్రాట్యుటీ ఒక్కసారిగా నా మెడకు చుట్టుకుంటుంది. పైగా పాత మస్టర్లు (హాజరు పుస్తకాలు) 2018లో తిత్లీ తుఫానుకు తడిసి ముద్దయ్యాయి. ఎవరు ఎప్పుడు చేరారో నాకే తెలియదు.

విజయనగరం ఆడిటరు:
మస్టరు పోయినంత మాత్రాన సర్వీసు పోదండీ.

కాశీబుగ్గ ఆడపడుచు:
అమ్మ పనిలో చేరిన ఏడాదే నన్ను ఒకటో తరగతిలో వేసింది. ఆ తేదీ నా బడి సర్టిఫికెట్‌లో ఉంది. మీ దగ్గర పనిచేసేవాళ్లకూ పిల్లలుంటారు, అడిగి చూడండి.