అప్‌డేట్: నల్లగొండ నుంచి నాగార్జునకొండ మ్యూజియం చూసొచ్చాం

మైసూరు నుంచి వచ్చే స్నేహితురాలిని శుక్రవారం నాగార్జునకొండ తీసుకెళ్లొచ్చా, అక్కడ గైడ్ దొరుకుతాడా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. శుక్రవారం మ్యూజియానికి సెలవు, శనివారానికి మార్చుకోమన్న సలహానే పనిచేసింది. చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్. గైడ్ కోసం నేను పడ్డ టెన్షన్ మాత్రం అనవసరం, బోర్డులు చదువుకుంటే చాలు.

మ్యూజియం నాగార్జునసాగర్ జలాశయం మధ్య దీవిమీద ఉంది కాబట్టి, విజయపురి సౌత్‌లో పొద్దున్నే లాంచీ ఎక్కాం. ఇక్ష్వాకు రాజుల కాలం (క్రీ.శ. 3-4 శతాబ్దాలు) నాటి సున్నపురాయి శిల్పాలు ఎంత సన్నటి పనో! హారాల్లో పూసలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. సాగర్ నీళ్లలో మునిగిపోయిన లోయ నమూనా దగ్గర నా స్నేహితురాలు చాలాసేపు నిలబడిపోయింది. 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసినవాటిని, సాగర్ నీళ్లు రాకముందే కొండమీదికి చేర్చారట. ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలనిపించింది.

వెళ్లేవాళ్లు తిరుగు లాంచీ టైమ్ దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి. ముందు మ్యూజియం చూసి, తర్వాతే మిగతా దీవి తిరగండి.