ఓడ జాబితాలోని యాన్, మా అత్తగారి వంశంలోని యాన్ ఒక్కరేనా?

రారిటన్ కోడలు:

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. చూపు తగ్గిపోతోంది. పోయిన క్రిస్మస్‌కి వాళ్ళమ్మ చేత్తో రాసిన వంశవృక్షం నా చేతిలో పెట్టి, "ఇది ఎంతవరకు నిజమో నువ్వు చూడు. నీకు ఓపిక ఉంది" అన్నారు. మా ఆయనకి గానీ ఆడపడుచుకి గానీ దీని మీద ఆసక్తి లేదు. మా పాప పుట్టాక నాకు మాత్రం ఇది సొంత విషయం అయిపోయింది. వాళ్ళవైపు వాళ్ళు న్యూజెర్సీలో రారిటన్ నది పక్కన మూడు వందల ఏళ్ళుగా ఉన్నారు. అంతకుముందు లాంగ్ ఐలండ్‌లో, ఫ్లాట్‌బుష్‌లో. కుటుంబం ఇంకా అక్కడే ఉంది కాబట్టి ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు, క్షమించండి. 'వాన్'తో మొదలవుతుంది, అంతవరకే చెబుతాను.

కాగితంలో మొట్టమొదటి పేరు యాన్. దాని కింద ఇలా ఉంది: "1663లో బోంటె కూ ఓడలో వచ్చాడు. గొప్పింటి బిడ్డ. హాలండ్‌లో వాళ్ళకి కోట ఉండేది." బోంటె కూ అంటే మచ్చల ఆవు అని అర్థమట. ఇంటర్నెట్‌లో ఉన్న వంశవృక్షాలు నలభైకి పైగా చూశాను. అన్నిట్లోనూ 1663, అదే ఓడ, ఆ ఓడ జాబితాలో యాన్ పేరు ఉందని.

కానీ న్యూ ఆమ్‌స్టర్‌డామ్ (ఇప్పటి న్యూయార్క్) డచ్ చర్చి పెళ్ళిళ్ళ రిజిస్టర్‌లో 1659లోనే యాన్‌కి గ్రీట్యె అనే అమ్మాయితో పెళ్ళి అయినట్టు కనిపించింది. అతని పేరు పక్కన "జె.ఎమ్. వాన్ తీల్" అని ఉంది. తీల్ అంటే నెదర్లాండ్స్‌లో ఒక పట్నమట. 1663లో వచ్చినవాడికి 1659లో ఇక్కడ పెళ్ళెలా అవుతుంది? ఇంకో చిక్కు ఏమిటంటే, మొదటి పిల్లల బాప్తిస్మాల దగ్గర తండ్రి పేరు యాన్ హెండ్రిక్సెన్ అనే ఉంది. ఇప్పటి ఇంటిపేరు 1690ల వరకు ఎక్కడా కనిపించదు. ఆ ఇంటిపేరులో 'తీల్' అన్న మాటే లేదు.

ఇద్దరు యాన్‌లు ఉన్నారా? నేను తప్పు మనిషి వెంట పడ్డానా? అత్తగారికి తప్పు చెబుతానేమో అని చాలా టెన్షన్‌గా ఉంది.

ఆల్బనీ మాస్టారు:

అమ్మా, ముందు ఆ నలభై వృక్షాలను పక్కన పెట్టండి. నలభై మంది ఒకే చోట నుంచి ఎక్కించుకుంటే అది ఒక్క సాక్ష్యమే అవుతుంది. మీకు దొరికిన 1659 పెళ్ళి నమోదు వాటన్నిటికంటే బరువైనది. ఆ రోజుల్లో, ఆ పని చేసినవాళ్ళే రాసిన కాగితం అది.

ఓడ జాబితా అసలు ఏమిటో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. అది ప్రయాణికుల జాబితా కానే కాదు. డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ వాళ్ళ బాకీల పుస్తకం. 1654 నుంచి 1664 మధ్యలో ఓడ ఖర్చు అప్పు పెట్టి వచ్చినవాళ్ళ పేర్లు అందులో ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే డబ్బు కట్టేసి ఎక్కినవాడి పేరు ఉండదు. 1654కి ముందు వచ్చినవాడూ ఉండడు. వందేళ్ళ కిందట వంశచరిత్రలు రాసినవాళ్ళు తమ పూర్వీకుడి పేరు అందులో ఎక్కడైనా కనబడితే చాలు, పట్టేసుకున్నారు. హెండ్రిక్ కొడుకు యాన్ అనే పేరు ఆ కాలంలో ఎంతమందికి ఉండేదో ఆలోచించండి.

పేరు సంగతి. ఆ డచ్చివాళ్ళలో చాలామందికి స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రి పేరే రెండో పేరు. హెండ్రిక్ కొడుకు హెండ్రిక్సెన్, కూతురు హెండ్రిక్స్. యాన్ కొడుకు మళ్ళీ యాన్సెన్ అవుతాడు. 1664లో ఇంగ్లిష్‌వాళ్ళు ఇక్కడి డచ్ వలస న్యూ నెదర్లాండ్‌ని తీసుకున్నాక మెల్లమెల్లగా ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. సొంత అన్నదమ్ములే వేరువేరు ఇంటిపేర్లు పెట్టుకున్న సందర్భాలున్నాయి. కాబట్టి 1690ల దాకా ఇంటిపేరు కనిపించకపోవడం మామూలే.

'వాన్' అంటే 'ఫలానా ఊరినుంచి' అని, అంతే. జమీందారీకీ దానికీ సంబంధం లేదు. అమెరికాలో పేరుమోసిన కోటీశ్వరులు వాండర్‌బిల్ట్‌ల మూలపురుషుడు ఊట్రెక్ట్ దగ్గరి డె బిల్ట్ ఊరివాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. 'జె.ఎమ్.' అంటే యోంగ్‌మాన్, అంటే అంతకుముందు పెళ్ళి కానివాడు. పెళ్ళికూతురికైతే 'జె.డి.' అని ఉంటుంది.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పని. 1687 సెప్టెంబర్‌లో కింగ్స్ కౌంటీ మగవాళ్ళంతా ఇంగ్లండ్ రాజుకి విధేయత ప్రమాణం చేశారు. ఫ్లాట్‌బుష్ అందులోనే ఉంది. ఆ జాబితాలో ప్రతి పేరు పక్కన ఈ దేశానికి వచ్చి ఎన్నేళ్ళయిందో రాశారు. ఇక్కడ పుట్టినవాడైతే 'నేటివ్' అని ఉంటుంది. మీ యాన్ అప్పటికి బతికుంటే సమాధానం తానే చెప్పి ఉంటాడు. అది చూడండి. అలాగే ఓడ జాబితాలోని యాన్ వెంట ఎవరెవరు ఉన్నారో కూడా చూడండి. చాలాచోట్ల పిల్లల వయసులు ఉంటాయి.

పాత దస్తావేజులు:

మాస్టారు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను, నా అనుభవంలో ఇదే అన్నిటికంటే పనికొచ్చింది: యాన్‌ని వదిలి గ్రీట్యెని పట్టుకోండి. డచ్ స్త్రీలు పెళ్ళయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే చర్చి రిజిస్టర్లలో ఉంటారు. ప్రతి బాప్తిస్మంలో తల్లి పేరు, ఆమె తండ్రి పేరుతో సహా కనిపిస్తుంది. ఇద్దరు యాన్ హెండ్రిక్సెన్‌లు ఒకే ఊళ్ళో ఉండొచ్చు గానీ ఇద్దరి భార్యలూ ఫలానా అతని కూతురు గ్రీట్యె అవడం చాలా అరుదు.

పిల్లల పేర్లు పుట్టిన వరసలో రాసుకోండి. మన దగ్గర మనవడికి తాత పేరు పెట్టినట్టే వాళ్ళూ పెట్టేవారు. మామూలుగా మొదటి ఇద్దరు కొడుకులకి ఇద్దరు తాతల పేర్లు, కూతుళ్ళకి నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు. బిడ్డ చనిపోతే తర్వాతి బిడ్డకి మళ్ళీ అదే పేరు. అందుకని ఒకే పేరు రెండుసార్లు కనబడితే కంగారు పడకండి, మొదటి బిడ్డ దక్కలేదేమో అనుకోండి. ఇది సాక్ష్యం కాదు, దారి చూపే గుర్తు మాత్రమే.

సాక్షుల్ని అసలు వదలొద్దు. బాప్తిస్మానికి నిలబడిన సాక్షులు ఎక్కువగా అత్తలు, మామలు, పిన్నులు, బాబాయిలే. సాక్షుల్లో హెండ్రిక్స్ అనే స్త్రీ ఉంటే ఆమె యాన్ చెల్లెలు కావచ్చు. ఆమె పెళ్ళి నమోదు కూడా తీయండి. ఒక్కోసారి అన్న "తీల్" అని పట్నం పేరు చెబితే చెల్లెలు అసలు పల్లె పేరు చెబుతుంది.

ఫ్లాట్‌బుష్ రిజిస్టర్లు 1677 నుంచే ఉన్నాయి. అంతకుముందు పుట్టిన పిల్లల కోసం 1660లో మొదలైన బ్రూక్లిన్ రిజిస్టర్, 1639 నుంచి ఉన్న న్యూ ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టర్ రెండూ వెతకండి.

రారిటన్ కోడలు:

మూడు వారాల తర్వాత వస్తున్నాను. రాత్రి పాప పడుకున్నాక రోజూ రెండేసి గంటలు కూర్చున్నాను.

మాస్టారూ, 1687 ప్రమాణం జాబితాలో దొరికాడు! పేరు పక్కన 34 ఏళ్ళు అని ఉంది. అంటే 1653. ఓడల బాకీ పుస్తకం మొదలవడానికి ముందే వచ్చేశాడు. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడు వందల ఏళ్ళ కిందట ఆ గుమాస్తా అడిగితే, ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకుని చెప్పినట్టనిపించింది.

మచ్చల ఆవు ఓడలోని యాన్‌కి భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు. పెద్ద బిడ్డకి ఎనిమిదేళ్ళు. 1659లో 'యోంగ్‌మాన్'గా పెళ్ళి చేసుకున్నవాడికి 1663లో ఎనిమిదేళ్ళ బిడ్డ ఉండదు కదా. వేరే మనిషే.

దస్తావేజులు గారూ, మీ మాట ఇంకా గొప్పగా పనిచేసింది. ఏడుగురు పిల్లలకీ తల్లి గ్రీట్యె తెనిస్. పెద్ద కొడుకు హెండ్రిక్, రెండోవాడు తెనిస్. అచ్చం మీరు చెప్పినట్టే. రెండు బాప్తిస్మాల్లో హెండ్రిక్స్ అనే ఒకే స్త్రీ సాక్షిగా ఉంది. ఆమె పెళ్ళి నమోదు తీస్తే తీల్ పక్కనున్న ఒక చిన్న పల్లె పేరుంది. మా అత్తగారి ఇంటిపేరులో 'వాన్' తర్వాత వచ్చే మాట అదే.

కానీ ఇంకో రెండు విషయాలు తేలలేదు. యాన్ వీలునామా కూడా దొరికింది. అది రాసింది ఫిబ్రవరి 1706 అని, కోర్టులో రుజువైంది ఏప్రిల్ 1707 అని ఉంది. ఏడాదికి పైగా మంచంలో ఉన్నాడా?

రెండోది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ వీలునామాలో పొలం, గుర్రాలు, పెద్ద బైబిల్ తర్వాత ఒక నల్లజాతి స్త్రీనీ ఆమె కూతుర్నీ భార్యకి రాశాడు. పేర్లు మాత్రం ఉన్నాయి. అత్తగారి కాగితంలో ఈ సంగతి ఎక్కడా లేదు. ఆమెకి చెప్పాలా?

ఆల్బనీ మాస్టారు:

వీలునామా తేదీ సులువు. ఇంగ్లిష్ పాలనలో 1752 వరకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అప్పటి ఫిబ్రవరి 1706 మన లెక్కలో ఫిబ్రవరి 1707. అందుకే దాన్ని 1706/7 అని రాస్తాం. రాసిన రెండు నెలల్లో పోయాడు.

కోట సంగతి మర్చిపోండి. ఇలాంటి కథలు ఆ కుటుంబాల్లో చాలా ఉన్నాయి. మాన్‌హాటన్‌లో పొలం ఉన్న ఆనెకె యాన్స్ అనే ఆవిడ డచ్ యువరాజు ఆరెంజ్ విలియం మనవరాలని చెప్పుకుంటూ ఆమె వారసులమన్నవాళ్ళు ఆ పొలం కోసం తరాల తరబడి ట్రినిటీ చర్చి మీద దావాలు వేశారు. ఆమె పుట్టింది నార్వే తీరంలోని చిన్న దీవిలో. 'డచ్' వలసలో నార్వేవాళ్ళు, జర్మన్లు, ఫ్రెంచి మాట్లాడే వాలూన్లు కూడా చాలామంది ఉన్నారు. మీ యాన్ నిజంగా తీల్ ఉన్న గెల్డర్‌లాండ్ ప్రాంతపు పల్లెటూరివాడని తేలడమే నా దృష్టిలో పెద్ద ఆస్తి.

హడ్సన్ గాలి:

చెప్పండి. నేను నల్లజాతి కుటుంబాల కోసం ఇవే రికార్డులు వెతికిపెడుతుంటాను, అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

ఫ్లాట్‌బుష్ చుట్టుపక్కల డచ్ పొలాలు ఎవరి చేతుల మీద నడిచాయో 1790 జనాభా లెక్కలు చెబుతాయి. కింగ్స్ కౌంటీలో దాదాపు మూడో వంతు మంది బానిసలు. న్యూయార్క్‌లో 1799లో మెల్లగా విడుదల చేసే చట్టం వచ్చింది, బానిసత్వం పూర్తిగా పోయింది 1827 జులై 4న. మీ వీలునామా దానికి 120 ఏళ్ళ ముందుది. ఆ కూతురి పిల్లల పిల్లలు ఇవాళ ఎక్కడో వాళ్ళ మూలం వెతుకుతుండొచ్చు. వాళ్ళకి ఓడ జాబితాలు లేవు, పెళ్ళి నమోదులు చాలా తక్కువ. యజమాని వీలునామాలో ఉన్న ఆ ఒక్క వాక్యమే వాళ్ళ ఆధారం. మీ వృక్షంలో ఆ ఇద్దరి పేర్లు, ఏడాది, ఊరు ఉన్నదున్నట్టు రాసి అందరికీ కనబడేలా పెట్టండి. తర్వాత గ్రీట్యె వీలునామా, హెండ్రిక్, తెనిస్‌ల వీలునామాలు కూడా చూడండి. ఆ తల్లీ కూతుళ్ళు ఎవరి ఇంటికి వెళ్ళారో అందులో ఉండొచ్చు.

ఇంకొకటి. తీల్ రిజిస్టర్లలో హెండ్రిక్ కొడుకు యాన్ కనబడగానే మనవాడే అనుకోవద్దు. చెల్లెలు కూడా అదే తల్లిదండ్రులకి పుట్టినట్టు కనిపించాలి. వలస వచ్చినవాళ్ళు స్వదేశంలో వారసత్వం వసూలుకి నోటరీ దగ్గర ముఖ్తారునామాలు (తమ తరఫున ఇంకొకరికి అధికారం ఇచ్చే కాగితాలు) రాయించేవారు. అలాంటిది ఒక్కటి దొరికితే బంధుత్వం తేలిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ నగర ఆర్కైవ్స్ నోటరీ కాగితాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు.

రారిటన్ కోడలు:

ఆదివారం అత్తగారి దగ్గర కూర్చుని మొత్తం చదివి వినిపించాను. ఓడ కాదన్నప్పుడు మాట్లాడలేదు. కోట లేదన్నప్పుడు, "మా అమ్మకి ఆ కోటంటే చాలా ఇష్టం" అన్నారు. 34 ఏళ్ళ సంగతి చెబితే మళ్ళీ చదవమన్నారు, రెండుసార్లు.

వీలునామా దగ్గర ఆగిపోయాను. "ఆపకు" అన్నారు. ఆ తల్లీ కూతుళ్ళ పేర్లు తనే నెమ్మదిగా పలికి, వాళ్ళమ్మ కాగితం మీదే యాన్, గ్రీట్యెల పక్కన రాయమన్నారు. 1663ని కొట్టెయ్యనివ్వలేదు, అది వాళ్ళమ్మ చేతిరాత కదా. దాని పక్కన 1653 అని నా చేత రాయించారు.

ఇప్పుడు తెనిస్ వీలునామా తెప్పిస్తున్నాను. ఆమ్‌స్టర్‌డామ్ నోటరీ కాగితాల్లో చెల్లెలి పేరుతో ఒకటి కనబడింది గానీ ఆ పాత డచ్ చేతిరాత నాకు ఇంకా కొరుకుడు పడటం లేదు. చదవగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఫొటో పంపిస్తాను.